ఫ్యానుకు స్ప్రింగు, మాస్టారికి గుంజీలు

వెనకబడిన జిల్లాలని మా మీద ముద్ర వేసినవాళ్లు, ఆ ముద్ర చూపించి నిధులు తెచ్చుకున్నవాళ్లు, తెచ్చిన నిధులకు దారి చూపించినవాళ్లు, అందరూ కలిసి ఒక్క సంగతి దాచిపెట్టారు. పిల్లల మనసుకు వైద్యం చెయ్యడంలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలను మించినవి దేశంలో లేవు. వియన్నాలో ఫ్రాయిడ్ గారు రోగిని సోఫా మీద పడుకోబెట్టి, నెలల తరబడి మాట్లాడనిచ్చి, వింటూ వింటూ ముసలివాడైపోయారు. మాకంత తీరిక లేదు. మేం పిల్లాణ్ణి బెంచీ ఎక్కించి, నోరు మూయించి, పీరియడు తిరక్కుండానే నయం చేసి కిందకి దింపేస్తాం. ఫీజు కూడా ఉండదు.

రోగాలు కూడా మా దగ్గర తక్కువే. డాక్టర్ల పుస్తకాల్లో వాటికి వందలకొద్దీ పేర్లు. మాకు నాలుగు చాలు. అన్నం పళ్లెం విసిరికొట్టే గుంటడికి పొగరు. మూడు నెలలుగా ఎవరితోనూ పలకని పిల్లకి గాలి సోకింది. పదమూడేళ్లొచ్చినా హాస్టల్లో పక్క తడిపేవాడికి బద్ధకం. బ్లేడుతో చేతిమీద గీతలు గీసుకున్న ఇంటర్ అమ్మాయికి సెల్‌ఫోను. ఈ చివరిది కొత్తగా వచ్చింది. అంతకుముందు దాని పేరు సినిమాలు, ఇంకా ముందు నవలలు.

రోగనిర్ధారణకు యంత్రాలు అక్కర్లేదు. ఊళ్లో అరుగు మీద కూచున్న పెద్దావిడ ఒక్కరు చాలు.

"ఏటమ్మా, మీ గుంటడు బడికెల్లడం నేదట?"

"ఎల్లనంతన్నాడు పిన్నీ. పొద్దున్న నెగిస్తే కడుపునొప్పంటాడు. తొమ్మిదయ్యీసరికి తగ్గిపోద్ది."

"అదేటి నొప్పే, గడియారం సూసుకోని తగ్గుద్దీ? రెండు తగిలించు, ఆడే ఎల్తాడు. అప్పటికీ ఎల్లకపోతే తాయెత్తు కట్టించు."

గడియారం చూసుకుని తగ్గే ఆ నొప్పిని గురించి పిల్లల మానసిక వైద్యులు ఎన్నో దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. అది నటన కాదు. భయపడుతున్న పిల్లాడికి కడుపు నిజంగానే నొప్పెడుతుంది. బడి గంట దాటిపోగానే భయం దిగుతుంది, దాంతోపాటు నొప్పీ దిగుతుంది. బడిలో ఎవరు ఏడిపిస్తున్నారు, ఏ సారు క్లాసులో గుండె దడదడలాడుతోంది, ఇంట్లో అమ్మను వదిలి వెళ్లాలంటే ఏం జరుగుతుందని బెంగ అని కూచోబెట్టి అడిగి, మొదట గేటు దాకా, ఇంకో వారం ప్రార్థన దాకా, తర్వాత ఒక్క పీరియడు దాకా, ఇలా మెట్టుమెట్టుగా బడికి చేర్చే పద్ధతి ఒకటుంది. వారాలు పడుతుంది. రెండు తగిలిస్తే రెండు నిమిషాలు పడుతుంది. ఏది గొప్ప శాస్త్రమో మీరే చెప్పండి.

భూతవైద్యుణ్ణి వెక్కిరించడం మాత్రం నాకు ఇష్టం లేదు. మన్యంలో ఎజ్జోడు కానీ, మైదానంలో ఇంకొకాయన కానీ, తల్లిని ఎదురుగా కూచోబెట్టుకుని పిల్ల ఎప్పట్నించి ఇలా ఉంది, ఎక్కడ జడుసుకుంది, ఇంట్లో ఎవరు పోయారు, ఎవరితో తగువులు అని గంటసేపు అడుగుతాడు. తర్వాత వేపమండతో ఏం చేస్తాడన్నది వేరే కథ. కానీ ఆ గంట ఉంది చూశారూ, అది పెద్దాసుపత్రి ఓపీలో దొరకదు. అక్కడ చీటీ రాసే గుమాస్తా అడిగే ప్రశ్న ఒక్కటే: "ఆధార్ తెచ్చారా?"

ఇక మా తండ్రులు. పిల్లాణ్ణి బళ్లో వేసేటప్పుడు వాళ్లు చదివే ప్రమాణపత్రం రాష్ట్రమంతటికీ తెలిసిందే: కళ్లు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి మాస్టారూ. అందులో ఎంత ముందుచూపుందో గమనించండి. కళ్లు వదిలేస్తేనే కదా రేపు ర్యాంకు కార్డు చదువుకోగలడు! విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 17వ సెక్షన్లో పిల్లల్ని కొట్టడమూ, మనసు నొప్పించి వేధించడమూ రెండూ నిషేధమే అంది. కొట్టడం తగ్గిన మాట నిజం. కొట్టకపోతే ఏం చెయ్యాలో మాస్టారికి ఎవరూ నేర్పలేదు. బెత్తం లాక్కున్న ప్రభుత్వం ఆ ఖాళీ చేతిలో ఒక సెల్‌ఫోను పెట్టింది. దాంతో మరుగుదొడ్డి ఫొటో తియ్యమంది, మధ్యాహ్న భోజనం ఫొటో తియ్యమంది, హాజరు ఎక్కించమంది.

ఆ ఖాళీ చెయ్యి చివరికి ఎక్కడికి పోయిందో 2025 మార్చిలో లోకమంతా చూసింది. విజయనగరం జిల్లా, బొబ్బిలి మండలం, పెంట గ్రామం. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ప్రార్థనకు వరసల్లో నిలబడ్డ పిల్లల ముందు ప్రధానోపాధ్యాయుడు సాష్టాంగపడ్డారు. లేచి, రెండు చెవులూ పట్టుకుని 50 గుంజీలు తీశారు. పిల్లలకు చదువు రావడం లేదు, మాట వినడం లేదు, మేం కొట్టకూడదు, తిట్టకూడదు, ఇక మాకు మేమే శిక్ష వేసుకుంటాం అన్నది ఆయన బాధ. వీడియో ఊళ్లు దాటింది, రాష్ట్రం దాటింది. విద్యాశాఖ మంత్రి నారా లోకేష్ మెచ్చుకుంటూ పోస్టు పెట్టారు. లక్షలమంది చూసి కళ్లు తుడుచుకున్నారు.

ఆ మాస్టారిని నేను ఒక్క మాటా అనను. నిండా మునిగినవాడు చెయ్యి పైకెత్తితే ఈత బాగా రాలేదని ఎవడూ విమర్శించడు. కానీ ఒడ్డున నిలబడి చప్పట్లు కొట్టినవాళ్ల సంగతేమిటి? ఆ బడిలో తొమ్మిదో తరగతికి వచ్చినా కూడబలుక్కుని చదివే పిల్లాడు ఉండే ఉంటాడు. అక్షరాలు వాడి కళ్లముందు నిలవవు, అందుకని చివరి బెంచీలో అల్లరి చేస్తాడు. తెలివితక్కువవాడు అనిపించుకోవడం కంటే రౌడీ అనిపించుకోవడం పరువుగా ఉంటుంది కదా. ఇంట్లో రోజూ తాగొచ్చిన నాన్నని చూసి బళ్లో పక్కవాణ్ణి కొట్టేవాడు ఉండి ఉంటాడు. మాస్టారు యాభై కాదు, ఐదొందల గుంజీలు తీసినా వీళ్లలో ఒక్కడికీ చదవడం రాదు, ఒక్కడి ఇంట్లోనూ సీసా మూత పడదు. గుంజీలతో ఉపశమనం కలిగింది చూసినవాళ్లకి. మా దగ్గర పిల్లల కోసమని జరిగే ప్రతి చికిత్సలోనూ ఇదే జరుగుతుంది. రోగులం మేం, మందు పిల్లాడు. పూటపూటా మింగుతున్నాం.

నిజానికి ఆ గుంజీలు బాకీ ఉన్నవాళ్లు వేరే ఉన్నారు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అనేది దేశంలో 1996లో మొదలైంది. పుట్టినప్పట్నించి 18 ఏళ్ల దాకా పిల్లల్ని బడికీ అంగన్‌వాడీకీ వెళ్లి పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో వచ్చింది. అందులో ఆటిజం, నిలకడలేని అతిచురుకుదనం, చదువులో ప్రత్యేక ఇబ్బంది అన్నీ ఉన్నాయి. జిల్లాకొక సత్వర చికిత్స కేంద్రం ఉండాలనీ, దాంట్లో సైకాలజిస్టు, మాటలు నేర్పేవారు, ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలనీ కాగితం మీద ముచ్చటగా రాశారు. కౌమార పిల్లలకు వేరే కార్యక్రమం 2014 జనవరిలో పెట్టారు, ఆరు అంశాల్లో మానసిక ఆరోగ్యం ఒకటి. మానసిక ఆరోగ్య చట్టం 2017లో చేశారు. పేర్లన్నీ బాగున్నాయి, బోర్డులన్నీ బాగున్నాయి. ఈ శాఖలన్నిటి అధికారుల్నీ పెంట బడి మైదానంలో వరసగా నిలబెట్టి మాస్టారి పక్కన చెవులు పట్టించి ఉంటే, వీడియో ఇంకా పొడుగ్గా వచ్చేది.

జాతీయ మానసిక ఆరోగ్య సర్వే అని నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో చేశారు. 13 నుంచి 17 ఏళ్ల మధ్య పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేల్చారు. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. అమ్మయ్య! లెక్కలో లేనివాళ్లకు రోగమేమిటి? పొరపాటున ఆ లెక్క మనకీ వర్తిస్తుందనుకుంటే, 300 మంది ఉన్న హైస్కూల్లో ఇరవైమంది పైచిలుకు పిల్లలు తేలతారు. వాళ్లెవరో బళ్లో అందరికీ తెలుసు. వాళ్లలో కొందరి పేర్లు బోర్డు మీద ఎప్పుడూ ఉంటాయి, అల్లరి చేసినవాళ్లు అన్న శీర్షిక కింద. మిగిలినవాళ్లు అస్సలు అల్లరి చెయ్యరు. మాట్లాడరు, ఆడరు, ఏడవరు. వాళ్లకి ఏటా బుద్ధిమంతుల బహుమతి ఇస్తుంటారు.

ప్రైవేటు రంగంలో కూడా మాది తొలి అడుగే. విజయనగరం నడిబొడ్డున 1892లో ఆడిన కన్యాశుల్కం గుర్తు చేసుకోండి. పరీక్ష పోయిన వెంకటేశం. తండ్రి అగ్నిహోత్రావధాన్లకు తెలిస్తే చీరేస్తాడని హడలి చస్తున్న కుర్రాడు. వాడికి దొరికిన కౌన్సెలర్ గిరీశం. ఏం చేశాడాయన? చుట్ట కాల్చడం నేర్పి, కుర్రాడి భయాన్ని పెట్టుబడి చేసుకుని, ట్యూషన్ చెప్తానని వాళ్లింట్లోనే మకాం వేసి, ఉపన్యాసాలిచ్చి, తన పని తాను చూసుకున్నాడు. అదే నాటకంలో పూజారి గవరయ్య దయ్యాన్ని సీసాలో బిగించేస్తాడు. ఇంకేం కావాలి, రెండు వైద్యవిధానాలూ ఒకే నాటకంలో. ఆ నాటకాన్ని గురజాడ తిరగరాసి 1909లో అచ్చు వేయించారు. సరిగ్గా ఆ ఏడాదే షికాగోలో విలియం హీలీ అనే డాక్టరు, కోర్టుకెక్కిన పిల్లలు అలా ఎందుకయ్యారో వాళ్లనే కూచోబెట్టి అడగడానికి ఒక క్లినిక్ పెట్టాడు. బొంబాయిలో టాటా వారి సోషల్ వర్క్ స్కూలు 1937లో అలాంటి చైల్డ్ గైడెన్స్ క్లినిక్ తెరిచింది. మా జిల్లాల వాళ్లం మాత్రం గురజాడ మీద గౌరవం కొద్దీ గిరీశం, గవరయ్యల దగ్గరే ఆగిపోయాం.

గిరీశం వారసుడి పేరు ఇప్పుడు వ్యక్తిత్వ వికాస నిపుణుడు. మైకు, కోటు, వెనకాల వీణా నాదం. పదో తరగతి పిల్లలందర్నీ షామియానా కింద కూచోబెట్టి, మీ అమ్మ ఎన్ని పూటలు పస్తుంటుందో తెలుసా, మీ నాన్న చెప్పులు ఎప్పుడైనా చూశారా అని గొంతు వణికిస్తాడు. తర్వాత పళ్లేల్లో నీళ్లు తెప్పించి తల్లిదండ్రుల పాదాలు కడిగిస్తారు. మూడొందల మంది పిల్లలు ఒక్కసారి భోరుమంటారు. ఎంత గట్టిగా ఏడిస్తే కార్యక్రమం అంత జయప్రదం. ఆ మూలన కూచున్న ఒక పిల్ల, తన ఒంటిమీద చెయ్యి వేసిన చిన్నాన్న పాదాలు కూడా ఈ వరసలోనే ఉన్నాయని ఎవరికి చెప్పాలో తెలియక ఏడుస్తోందనుకోండి. ఆ ఏడుపు కూడా జయప్రదం ఖాతాలోనే పడుతుంది. ఉపన్యాసకుడు శాలువా కప్పించుకుని వేరే మండలానికి వెళ్లిపోతాడు.

పిల్లాడి మనసులో ఏం జరుగుతుందో చూడగల కళ్లు ఈ గడ్డ మీద లేవా అంటే ఉన్నాయి. విజయనగరంలో చాసో "ఎందుకు పారేస్తాను నాన్నా?" రాశారు. ఫీజు కట్టలేని ఇంట్లో బడి మానిపించిన కుర్రాడు, చుట్టలు తెమ్మని నాన్న పంపితే, బడి ముందునుంచి నడవడానికి ఎంత చితికిపోతాడో నాలుగు పేజీల్లో చూపించారు. ఆ కథని పాఠ్యపుస్తకంలో చేర్చి, అలాంటి కుర్రాడినే క్లాసు బయట నిలబెట్టి, కథలోంచి అయిదు మార్కుల ప్రశ్న అడగ్గల సత్తా మాది.

ఫీజు సంగతి వచ్చింది కాబట్టి వలస సంగతి కూడా. ఉద్దానం నుంచి, చీపురుపల్లి వైపు నుంచి, మన్యం అంచు ఊళ్లనుంచి జనం చెన్నై, హైదరాబాద్ వెళ్లి మేడలు కడతారు. చెన్నై మౌలివాక్కంలో 2014 జూన్ 28న కట్టుబడిలో ఉన్న మేడ కూలి 61 మంది పోతే, వాళ్లలో ఎంతోమంది ఈ జిల్లాల వాళ్లే. శవాలకు అంబులెన్సులు వచ్చాయి, చెక్కులు వచ్చాయి, మంత్రులు వచ్చారు. మామ్మల దగ్గర మిగిలిపోయిన పిల్లలు ఆ తర్వాత రాత్రిపూట ఎలా నిద్రపోయారో అడగడానికి ఎవరూ రాలేదు. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న వచ్చి ఉద్దానాన్ని నేలమట్టం చేసింది. పడిన కొబ్బరిచెట్లు లెక్కపెట్టారు, జీడిచెట్లు లెక్కపెట్టారు, చెట్టుకింత అని కట్టారు. ఆ రాత్రి పైకప్పు ఎగిరిపోవడం చూసిన ఆరేళ్ల గుంట, ఆ తర్వాత ఏ గాలి వీచినా మంచం కిందకి దూరిపోతే, దానికి దరఖాస్తులో గడి లేదు.

అదే ఏడాది నవంబరులో గుజరాత్ తీరాన వేటకెళ్లిన మా మత్స్యకారుల్ని పాకిస్తాన్ పట్టుకుపోయింది. 2020 జనవరి 6న 20 మంది వాఘా దాటి వచ్చారు. పద్నాలుగు నెలలు దగ్గర దగ్గర. దాని మీద "తండేల్" సినిమా వచ్చింది, పాటలు ఊరూరా మోగాయి. ఆ పద్నాలుగు నెలలూ నాన్న బతికున్నాడో లేదో తెలియని పిల్లలు బళ్లో హోంవర్కు చెయ్యకపోతే వాళ్లని ఏమన్నారన్నది సినిమా తియ్యదగ్గ కథ కాదు. దాంట్లో పాటలకు చోటుండదు.

సీతంపేట వైపు వెళితే ఇంకో అద్భుతం. ఇంట్లో సవర తప్ప ఇంకో మాట వినని ఆరేళ్ల పిల్లని ఆశ్రమ పాఠశాలలో చేర్చి, తెలుగులో పాఠం మొదలెడతాం. పిల్ల పలకదు. రాత్రి పక్క తడుపుతుంది. మూడో రోజు గోడ దూకి కొండ దారి పడుతుంది. దీన్ని క్రమశిక్షణారాహిత్యం అని రిజిస్టర్లో రాసి, గోడ ఎత్తు పెంచుతాం. గోడకు చేసిన వైద్యం చక్కగా పనిచేస్తుంది. గోడ మళ్లీ ఎప్పుడూ పారిపోదు.

మరి అసలు వైద్యం ఏమిటంటారా? చెప్పాలంటే సిగ్గుగా ఉంటుంది, అంత చప్పగా ఉంటుంది. ఒక గది, రెండు కుర్చీలు. చిన్నపిల్లలైతే బొమ్మలు, రంగు పెన్సిళ్లు, ఎందుకంటే వాళ్లు నోటితో చెప్పలేనిది ఆటలో చెప్తారు. వారానికోసారి ముప్పావుగంట, కొన్ని నెలలు. పెద్దపిల్లలైతే ఏ ఆలోచన వచ్చినప్పుడు గుండె కుంగుతోంది, ఆ ఆలోచన ఎంతవరకు నిజం అని వాళ్లచేతనే తూకం వేయించడం. అల్లరి, కోపం, ఎదురుతిరగడం ఉన్న పిల్లలకైతే పనంతా అమ్మానాన్నలతోనే. అరవకుండా ఒక్కసారి, ఒక్క మాటలో చెప్పడం నేర్పుతారు. పిల్లాడు చేసిన చిన్న మంచిపనిని అప్పటికప్పుడు గమనించి మెచ్చుకోవడం నేర్పుతారు. రోజూ పది నిమిషాలు పిల్లాడు చెప్పిన ఆట ఆడమంటారు. అంటే రోగం కొడుకుది, హోంవర్కు నాన్నది! ఈ ముక్క వినగానే మా నాన్నలు లేచి తువ్వాలు దులుపుకుంటారు. "నాకేటండీ నేర్పుతారు, ఆడికి నేర్పండి. నాను బాగానే ఉన్నాను."

ఈ వైద్యానికి ఇంకో లోపం, ఫొటోకి పనికిరాదు. ఇద్దరు మనుషులు కూచుని మాట్లాడుకుంటున్నారు, అంతే. రిబ్బన్ ఎక్కడ కట్టాలి? కొబ్బరికాయ దేనిమీద కొట్టాలి? ఎమ్మారై యంత్రమైతే పక్కన ఎమ్మెల్యే నిలబడొచ్చు. ముప్పావుగంట వినడం అనే యంత్రం పక్కన ఎలా నిలబడతాడు పాపం.

ఇచ్ఛాపురం నుంచి ఒక తల్లి పిల్లాణ్ణి చూపించుకోవాలంటే ఎక్కువమందికి తెలిసిన దారి రెండు. బరంపురం వెళ్లి ఒడియాలో చెప్పుకోవడం, లేదా 200 కిలోమీటర్లు దాటి విశాఖ వెళ్లడం. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల చినవాల్తేరులో ఉంది, బ్రిటిష్ కాలం నుంచీ ఉంది. ఆ పేరు ఊళ్లో ఎత్తితే పిల్ల పెళ్లి ఆగిపోతుంది. అందుకని తల్లి బంధువులకు పళ్లు చూపించడానికి వెళ్తున్నానని చెప్తుంది.

దగ్గర్లో తేలిగ్గా అందేది వైకల్యానికి సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరం. ఆటిజం పిల్లాణ్ణి తెచ్చి, శాతం రాయించుకోవాలి. నలభై వస్తే పింఛనుకు దారి, రాకపోతే ఇంటికి దారి. ఏడాది పొడుగునా నా బిడ్డ బుద్ధిగా ఉండాలని పైడితల్లికి మొక్కిన అమ్మ, ఆరోజు డాక్టరు ముందు పది నిమిషాలు వాడు బుద్ధిగా కూచుంటే కుమిలిపోతుంది. నాయనా, ఈ ఒక్కసారికి కాస్త అరువు, ఆ కాగితాలు కాస్త చించు అని మనసులో బతిమాలుకుంటుంది. వాడు ఆరోజే డాక్టరుగారికి నమస్కారం పెడతాడు. ఇక కుంగుబాటు, భయం, గాయపడిన మనసు, వీటికి శాతం ఎలా కట్టాలో శిబిరంలో ఎవరికీ తెలియదు, అందుకని అవి లేనట్టే.

విశాఖలో 2025 జనవరిలో విశాలాక్షి నగర్ బాలికల హోం నుంచి కొందరు ఆడపిల్లలు గోడలెక్కి రోడ్డు మీదకొచ్చారు. మాకు నిద్రమాత్రలిచ్చి పిచ్చివాళ్లని చేస్తున్నారని గట్టిగా అరిచారు. హోంమంత్రి అనిత విచారణకు ఆదేశించారు. మాత్రల మాటలో నిజమెంతో తేల్చడం విచారణ చేసేవాళ్ల పని. నాకు తట్టిన సందేహం చిన్నది. ఆ పిల్లలు చెప్పేది వినడానికి లోపల ఒక్క కుర్చీ ఉండి ఉంటే, చెప్పుకోవడానికి అంత ఎత్తు గోడ ఎందుకు ఎక్కాల్సొచ్చింది?

ఇక ఫ్యాను కథ. ఇంటర్ ఫలితాలు 2023 ఏప్రిల్ 26న వచ్చాయి. రెండు రోజుల్లో రాష్ట్రంలో తొమ్మిదిమంది పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. శ్రీకాకుళం జిల్లా పిల్లాడూ ఉన్నాడు అందులో. అదే ఏడాది జులైలో విశాఖలో నీట్ కోచింగ్ కోసం హాస్టల్లో ఉన్న పదిహేడేళ్ల అమ్మాయి చనిపోయింది. విద్యార్థుల ఆత్మహత్యల మీద నీరదా రెడ్డి కమిటీ 2001లోనే వేశారు, చక్రపాణి కమిటీ 2017లో వేశారు. కమిటీలు వెయ్యడంలో మనకు ఫెయిల్ లేదు, అన్నీ ఫస్టు క్లాసే. ఆ అమ్మాయి తండ్రి మాత్రం కమిటీలతో ఊరుకోక సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 జులై 25న కోర్టు దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయకూడదు. అందరి ముందు అవమానించకూడదు. వందమందో అంతకు మించో ఉన్న ప్రతి విద్యాసంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన ఒక కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలి. అంతకన్నా తక్కువమంది ఉంటే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. టెలి మానస్ సహాయ నంబరు గోడల మీద పెద్ద అక్షరాల్లో రాయాలి. హాస్టళ్లలో ఎవరూ ప్రమాదం తెచ్చుకోలేని రకం ఫ్యాన్లు పెట్టాలి.

ఈ పదిహేనింటిలో మా కాలేజీలకు అన్నిటికన్నా బాగా అర్థమైంది ఫ్యాను. అది కొనొచ్చు, బిల్లు వస్తుంది, బిగించాక మాట్లాడదు, సెలవు అడగదు, పిల్లలు ఏం చెప్పారో యాజమాన్యానికి వచ్చి చెప్పదు. కోటాలో 2023లోనే స్ప్రింగు ఫ్యాన్లు పెట్టమన్నారు కాబట్టి సరుకు బజార్లో సిద్ధంగా ఉంది. సహాయ నంబరు కూడా తేలికే. 14416, ఎర్ర రంగులో, గోడనిండా. దాని కిందే హాస్టల్ నిబంధన: విద్యార్థులు సెల్‌ఫోన్లు ఉంచుకోరాదు. అర్ధరాత్రి గుండె జారిపోతున్న పిల్ల ఆ నంబరుకు ఫోన్ చెయ్యాలంటే వార్డెన్‌ని లేపాలి. వార్డెన్ ఫోను తన చేతిలోనే పట్టుకుని, స్పీకర్ పెట్టి, "మాట్లాడు, ఏటి నీ బాధ?" అంటుంది. కౌన్సెలర్ సంగతంటారా, వందమంది ఉంటేనే ఒకరన్నారు కదా. వచ్చే ఏడాది మా పట్టణాల్లో ప్రతి అంతస్తుకీ ఒక కొత్త కాలేజీ పేరు, ప్రతి కాలేజీలో 99 అడ్మిషన్లు కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

వేసవిలో ఆ కాలేజీల పీఆర్వోలు ఊళ్ల మీద పడతారు. రాజాం దగ్గర ఏ ఊళ్లోనైనా, ఏ అరుగు మీదైనా వినబడే సంభాషణ ఇలా ఉంటుంది.

"ఏసీ రూములు, వారానికి రెండుసార్లు చికెను, రోజూ టెస్టు. ఈసారి సేఫ్టీ ఫ్యాన్లు కూడా పెట్టించాం పెద్దయ్యా. మీకు ఏ బెంగా అక్కర్లేదు."

"ఫ్యాన్లకి సేఫ్టీ ఏటి బాబూ?"

"అదేదో కోర్టు ఆర్డరండీ. మంచి కంపెనీ, రెండేళ్ల వారంటీ. సరిగ్గా ఇంటర్ రెండేళ్లకి సరిపోద్ది."

"మరి మా గుంట కొద్దిగా భయస్తురాలు బాబూ. ఆల్లమ్మ పోనాక మాటాడ్డం తగ్గించీసింది. అక్కడ పిల్లల్తోటి కూకోని మాటాడీవోలు ఎవులైనా ఉంటారేటి?"

"ఎందుకుండరండీ! మా ఏవో గారున్నారు కదా. ఫీజు బాకీ ఉన్న పిల్లలందర్నీ నెలనెలా పిలిచి మాట్లాడతారు."